సీసాలో నీలి వెలుగు చూసి కోర్సు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. శరీరంలోని ఇనుము వంటి అయాన్లను వెలుగుతో పసిగట్టే కార్బన్ క్వాంటమ్ డాట్ల (కంటికి కనపడనంత చిన్న కార్బన్ చుక్కల) మీద ప్రాజెక్టు చేసింది. ఇక పరిశోధనే చేస్తానంటోంది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నానో టెక్నాలజీ పీజీలో సీటు ఇస్తామంటోంది. అది మంచిదా, మామూలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీయా? ఎదురింటి అబ్బాయిలా డేటా సైన్స్ చేయించమంటారా? ఇరవై ఎనిమిదేళ్ల వరకు చదువుతూనే ఉంటే ఎలా?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: అయ్యా, మీరు కోర్సుల గురించి అడిగారు గానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి వాక్యం. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను. పరిశోధన అంటే మీ డబ్బుతో సాగే చదువు కాదు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఇస్తారు. ఇంటి అద్దె భత్యం వేరు. మీ ఊళ్లోనే ఉన్న ఐఐఎస్సీ, జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం బీఎస్సీ తర్వాత నేరుగా ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో చేర్చుకుని ఉపకార వేతనం కూడా ఇస్తాయి. మీ అమ్మాయి మీకు భారం కాబోవడం లేదు.

ఉత్తరం రాశాక మీరిద్దరూ వచ్చారు కదా, ఆ రోజు సంగతి చెప్పాలి. అమ్మాయి ట్యూబ్‌లైటు ఆర్పి, పలుచని టీ రంగులో ఉన్న చిన్న సీసా మీద అతినీలలోహిత టార్చి వేసింది. సీసా నీలంగా వెలిగింది. ఇనుము లవణమైన ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం రెండు బొట్లు వేయగానే ఆ వెలుగు తగ్గిపోయింది. ఆ నిమిషంలో మీరు ఫోను చూసుకుంటున్నారు. ఎదురింటి అబ్బాయి జీతం అంకెలతో సహా చెప్పగలిగిన మీకు, మీ పిల్ల ఆ సీసాలోది ఎలా తయారుచేసిందో తెలియదు. సిట్రిక్ ఆమ్లాన్ని, ఇథిలీన్ డైఅమీన్‌ను ఆటోక్లేవ్‌లో (మూత బిగించిన ఉక్కు పాత్రలో) 180 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి చేసింది. ఒక్కసారైనా అడిగారా?

ఇక నా సందేహాలు. ఈ కార్బన్ చుక్కలు 2004లో, నానో ట్యూబులను శుద్ధి చేస్తుండగా అనుకోకుండా బయటపడ్డాయి. 2023 రసాయన నోబెల్ క్వాంటమ్ డాట్లకు వచ్చిన మాట నిజమే, కానీ అది కాడ్మియం సెలెనైడు వంటి అర్ధవాహక చుక్కల పనికి. ఆ నోబెల్ చూపించి సీటు అమ్మేవారిని నమ్మకండి. ఇనుము తాలూకు ఫెర్రిక్ అయాను తానే అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది. కాబట్టి వెలుగు తగ్గినంత మాత్రాన అది చుక్కను పట్టుకుందని చెప్పలేం. పైగా రక్తంలో ఇనుము హిమోగ్లోబిన్, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్లలో బంధించి ఉంటుంది, విడి అయాన్లుగా దాదాపు దొరకదు. మంచినీళ్లలో పనిచేసిన పరీక్ష రక్తంలో పనిచేస్తుందని ఎవరు హామీ ఇస్తారు? సిట్రిక్ ఆమ్లం, అమీన్ కలిపి చేసినప్పుడు ఆ నీలి వెలుగులో చాలా భాగం చుక్కలది కాక, పక్కనే పుట్టే చిన్న అణువులది కావచ్చు. మరో అయాను పొటాషియం సంగతి చూడండి, ఆసుపత్రిలో అది రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్ మధ్య ఉందో లేదో ఎలక్ట్రోడ్ నిమిషాల్లో చెబుతోంది. కొత్త సెన్సరు దాన్ని మించాలి.

ఇన్ని చెప్పి కూడా అమ్మాయిని ఆపమనడం లేదు. ఆమె నోటుపుస్తకంలో ఒక వరస చూశాను: "రాగి కలిపినా కొంత తగ్గింది. ఎందుకో తెలియదు." రిపోర్టులో ఆ మాట వద్దన్నారని తల దించుకుని చెప్పింది. వద్దన్నా కొట్టివేయకుండా ఉంచుకున్న పిల్ల పరిశోధనకు పనికొస్తుంది. ఇన్నేళ్లలో అలాంటి విద్యార్థులను నేను కొద్దిమందినే చూశాను.

పోలిక అడిగారు కనుక చెబుతున్నాను, ఎమ్మెస్సీ కెమిస్ట్రీయే చేయించండి. వీలైతే విశ్లేషణ రసాయనం వైపు. కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగానికి కెమిస్ట్రీ పీజీ అడుగుతారు. బొమ్మసంద్ర, జిగణి వైపు మందుల కంపెనీల ప్రయోగశాలల్లోనూ అదే చెల్లుతుంది. చుక్కల మీద పని ఆ తర్వాత పీహెచ్‌డీలో చేసుకోవచ్చు. ఆ ప్రైవేటు సీటుకు డబ్బు కట్టాలనే పట్టుదల మీకుంటే, ముందు అక్కడి ఫ్లోరిమీటర్ (ఇలాంటి వెలుగును కొలిచే పరికరం) పనిచేస్తోందా, విద్యార్థులను దాన్ని ముట్టనిస్తారా అని వెళ్లి కళ్లారా చూడండి. డేటా సైన్స్ కోరిక ఆమెది కాదు, మీది.

అమ్మాయికి: తల్లీ, ద్రావణాన్ని డయాలిసిస్ చేసి (చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే పొర సంచిలో ఉంచి), సంచిలో మిగిలినదాన్నీ బయటికి వచ్చినదాన్నీ విడివిడిగా టార్చి కింద చూడు. రాగి, ఇనుము ద్రావణాల శోషణ వర్ణపటాలు (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటాయో చూపే గీతలు) తీసి, నువ్వు వాడిన కాంతి తరంగదైర్ఘ్యం వాటిలో ఎక్కడ పడుతోందో గుర్తు పెట్టు. ఇంటర్వ్యూకి ఆ కాగితాన్నీ, రాగి వరస ఉన్న నోటుపుస్తకాన్నీ తీసుకెళ్లు.