తాడు బిగిస్తే ఆగిపోవాలి

ప్రశ్న: మాది గుంటూరు. మా ఇంట్లో 9 నెలల మగ లాబ్రడార్ ఉంది. పేరు లడ్డు, బరువు 28 కిలోలు. ఇంట్లో బుద్ధిమంతుడే, కూర్చోమంటే కూర్చుంటాడు. గేటు దాటాడంటే చాలు, మనిషిని ఈడ్చుకుపోతాడు. వీధికుక్క కనిపిస్తే ఇక పట్టలేం. పోయిన నెల మా మామగారు తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని తీసుకెళ్లారు. పాలబూత్ దగ్గర పిల్లి అడ్డం వచ్చింది. ఆయన బోర్లా పడ్డారు, మోచెయ్యి చీరుకుపోయింది. అప్పట్నుంచీ ‘దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి’ అంటున్నారు. షాపులో అడిగితే లోపల ముళ్లుండే గొలుసు చూపించారు. అది వేయమంటారా? పొద్దున్నే తాడు తీస్తున్నానంటేనే టెన్షన్‌గా ఉంటోంది.

– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మామగారి సంగతి. తాడు చేతికి చుట్టుకోవద్దని ఆయనకు చెప్పండి. 28 కిలోల కుక్క ఒక్కసారి దూకితే ఆ చుట్లు విప్పుకునే టైమ్ ఉండదు. వేళ్లు విరిగినవాళ్లను చూశాను. కొస ఉచ్చులో బొటనవేలు పెట్టి, తాడును అరచేతిలో పట్టుకుని పిడికిలి బిగించాలి. లడ్డు దారికొచ్చేదాకా ఆయన్ను ఈ పనికి పంపకండి.

ముళ్ల గొలుసు వద్దు. నేను పోలీసు డాగ్ స్క్వాడ్‌లో 22 ఏళ్లు చేశాను. మా రోజుల్లో గొలుసు పట్టి గుంజడమే శిక్షణ అనుకునేవాళ్లం. నా మొదటి కుక్క మీద నేనూ అదే చేశాను. నెల తిరిగేసరికి, నేను తల గోక్కుందామని చెయ్యెత్తినా అది మెడ ముడుచుకునేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పైగా ఇంకో చిక్కుంది. వీధికుక్క కనిపించినప్పుడల్లా మెడలో ముళ్లు గుచ్చుకుంటే, ఆ నొప్పి వీధికుక్క వల్లే వచ్చిందని లడ్డు లెక్కేసుకుంటాడు. ఇవాళ ఆడుకుందామని లాగేవాడు రేపు కరుద్దామని లాగుతాడు.

ఇంతకీ వాడెందుకు లాగుతున్నాడు? లాగితే పని జరుగుతోంది కాబట్టి. ఆ కరెంటు స్తంభం వాసన చూడాలనుకున్నాడు, లాగాడు, మీరు వెనకాలే వెళ్లారు, స్తంభం దొరికింది. రోజూ రెండుపూటలా ఇదే పాఠం మీరే చెప్తున్నారు. స్క్వాడ్‌లో వాసన పట్టి దారి వెతికే కుక్కకు ఛాతీకి పట్టీ కట్టేవాళ్లం. ఆ పట్టీ పడిందంటే తాడు లాక్కుంటూ పోవాలి, అది దాని డ్యూటీ. డ్యూటీ అయ్యాక పట్టీ విప్పి తాడును మెడ బెల్టుకు తగిలిస్తే, అదే కుక్క నా ఎడమ మోకాలి పక్కన బుద్ధిగా నడిచేది. ఎప్పుడు లాగాలో ఎప్పుడు లాగకూడదో కుక్కకు తెలుస్తుంది. మనం తేల్చి చెప్పాలంతే.

నాకు నేర్పిన ఉస్తాద్ మొదటి వారం కుక్కనే ఇవ్వలేదు. కుడిచేతిలో నిండా నీళ్లున్న స్టీలు గ్లాసు, ఎడమచేతిలో తాడు, తాడు రెండో కొసన ఇంకో ట్రైనీ. వాడు ఎటు గుంజినా నేను నీళ్లు ఒలకకుండా నిలబడాలి. తొలిరోజు ప్యాంటంతా తడిసింది. నాలుగో రోజుకి అర్థమైంది. వాడు గుంజినప్పుడు నేను ఎదురు గుంజితేనే గ్లాసు తొణుకుతోంది, కాళ్లు ఆనించి ఊరికే ఆగిపోతే తొణకట్లేదు. మీరు చేయాల్సిందీ అదే. మీ వారిని రెండో కొస పట్టుకోమని ఒక సాయంత్రం డాబా మీద చేసి చూడండి, నవ్వుకోవడానికైనా పనికొస్తుంది.

అసలు గొడవ గేటు దగ్గర కాదు, తాడు తగిలించిన మేకు దగ్గర మొదలవుతుంది. మీరు తాడు తీయగానే లడ్డు ఎగురుతాడు కదా, ఏమీ అనకుండా తాడు మళ్లీ మేకుకు తగిలించేసి కూర్చోండి. వాడు నాలుగు కాళ్లూ నేలకి ఆనించాక మళ్లీ తీయండి. తొలిరోజు పదిహేనుసార్లు కావచ్చు. ఆఫీసు టైమ్‌కి ఇది కుదరదు, ఆదివారం మొదలుపెట్టండి.

వీధిలోకి వచ్చాక రూలు ఒక్కటే: తాడు బిగిస్తే ఆగిపోవాలి. వెనక్కి గుంజొద్దు, అరవొద్దు. వాడు కాసేపు లాగి, ఏమైందా అని మీవైపు తల తిప్పుతాడు. తాడు కాస్త వదులవుతుంది. ఆ క్షణంలోనే ‘శభాష్’ అని, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్క శనగగింజంత తీసి మీ మోకాలి పక్కన పెట్టండి, అక్కడికి వచ్చి తినాలి. మళ్లీ నడవండి, బిగిస్తే మళ్లీ ఆగండి. తొలిరోజు ఇరవై నిమిషాలకు నాలుగిళ్లు దాటితే గొప్ప. పక్కింటివాళ్లు చూసి ‘ఏమైందండీ, నడుం పట్టేసిందా’ అంటారు, అననివ్వండి.

ఇంట్లో అందరూ ఇదే పాటించాలి. మీరు వారమంతా ఆగి, మీవారు ఒక్కరోజు ‘టైమైపోతోంది’ అని వాడి వెంట పరిగెత్తితే మొత్తం పోయినట్టే. పేకాటలో పది ఆటలు పోయి ఒకటి తగిలితే మనిషి లేస్తాడా? లడ్డూ అంతే.

తాడు ఆరడుగులది చాలు. బటన్ నొక్కితే సాగే రకం వద్దు, అది ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. వీపు మీద కొక్కెం ఉండే పట్టీ ఎద్దుకు కాడి లాంటిది, లాగడానికి ఇంకా వీలు. కొనదలిస్తే ఛాతీ ముందు రింగు ఉన్నది కొనండి. వాడు లాగితే ముందుకు పోలేక మీవైపు తిరుగుతాడు.

వీధికుక్కల విషయంలో దూరమే మందు. వాటిని చూసి కూడా లడ్డు మీ చేతిలో ముక్క తింటున్నాడంటే ఆ దూరం సరిపోయినట్టు. చికెన్ కూడా వద్దంటున్నాడంటే మరీ దగ్గరికి వెళ్లిపోయారు, వెంటనే పక్క సందులోకి తిరగండి. ఎదురుగా వచ్చేస్తే నాలుగైదు ముక్కలు నేలమీద చల్లండి, తల కిందికి దించి వెతుక్కుంటాడు. భయంతో తాడు మాత్రం బిగించకండి. మెడ పైకి లేచి, ఛాతీ ముందుకొచ్చి, అవతలి కుక్కకు వీడు కయ్యానికి వస్తున్నట్టు కనిపిస్తాడు.

వాడిది ఇప్పుడు మనుషుల్లో పదో తరగతి కుర్రాడి వయసు. ఏడాదిన్నర, రెండేళ్లదాకా ఈ దూకుడు కొంత ఉంటుంది. రోజూ ఓ పది నిమిషాలు ఖాళీ స్థలంలో పొడుగు తాడు మీద ‘వెళ్లు’ అని వదిలి, కడుపునిండా వాసనలు చూడనివ్వండి. ముక్కుకు పని దొరికిన రోజు వాడు ఇంటికొచ్చి హాయిగా పడుకుంటాడు. మామగారికి ఓ నెల గడువు అడగండి. ఈలోగా లడ్డుకి అన్నం గిన్నె ఆయన చేత పెట్టించండి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మా వీధిలో దొరికిన దేశవాళీ కుక్కపిల్లను పెంచుకుంటున్నాం. 5 నెలలు. వాకింగ్‌కి తీసుకెళ్తే రోడ్డు మీద కూలబడి కదలదు. మొండిదా? కాలేజీ నుంచి వచ్చాక మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్తున్నాను.

– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, అది మొండిది కాదు, దానికి చెప్పుల్లేవు. ఏప్రిల్ ఎండలో రెండింటికి తారురోడ్డు మీద నీ అరచెయ్యి వెనకభాగం ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టు. పెట్టలేకపోతే అది కూడా నడవలేదు. పొద్దున ఆరులోపు, సాయంత్రం రోడ్డు చల్లబడ్డాక తీసుకెళ్లు. అప్పుడూ కదలకపోతే మెడలో తాడు కొత్తయి ఉంటుంది. రెండుమూడు రోజులు నీ కళ్లముందే ఇంట్లో తాడు ఈడ్చుకుంటూ తిరగనివ్వు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు, ఇంకా వేయించకపోతే రేపే పశువైద్యశాలకి తీసుకెళ్లు. పొద్దున్నే వెళ్లు, రెండింటికి కాదు.