13 పాయింట్ల సగటుతో హాల్ ఆఫ్ ఫేమ్ ఎలా?

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అర్జెంటీనా ఆటగాడు మనూ జినోబిలి సగటు మ్యాచ్‌కు 13.3 పాయింట్లే. మూడింట రెండు వంతుల మ్యాచ్‌ల్లో మొదటి ఐదుగురిలో లేడు, బెంచ్ మీది నుంచే దిగాడు. 2022లో దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటెలా దక్కింది?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ 13.3 పక్కనే 25.4 అని కూడా రాసుకోండి. అతను మ్యాచ్‌కు ఆడిన సగటు నిమిషాలవి. ఆటేమో 48 నిమిషాలు. సగం ఆటలోనే ఆ 13 పాయింట్లు తెచ్చాడన్నమాట.

బెంచ్ మీద కూర్చోబెడితే ఆటగాణ్ని చిన్నచూపు చూసినట్టేనని మనలో చాలామంది అనుకుంటారు. జినోబిలి ఆడిన శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకు అప్పటి కోచ్ గ్రెగ్ పొపోవిచ్ లెక్క వేరు. జట్టు స్టార్లు టిమ్ డంకన్, టోనీ పార్కర్ కాస్త సేద తీరడానికి పక్కకెళితే ఏ జట్టయినా డీలా పడుతుంది. సరిగ్గా ఆ సమయంలో ఆట నడపడానికి జినోబిలి కావాలి. మ్యాచ్ బిగువుగా ఉంటే చివర్లోనూ అతనే కావాలి. నేనైతే ఆటగాడి విలువ కట్టేటప్పుడు, ఆఖరి ఐదు నిమిషాల్లో కోచ్ ఎవరిని కోర్టులో ఉంచాడో ముందు చూస్తాను.

2014 ఫైనల్స్ (టైటిల్ తేల్చే ఏడు మ్యాచ్‌ల సిరీస్) ఐదో మ్యాచ్ దొరికితే తప్పకుండా చూడండి. మనకది సోమవారం తెల్లవారుజాము. ప్రత్యర్థి మయామీ 22–6తో ముందుంది. బెంచ్ మీది నుంచి జినోబిలి వచ్చాక ఆట తిరగడం మొదలైంది. రెండో క్వార్టర్‌లో మయామీ ఆటగాడు క్రిస్ బాష్ అడ్డొచ్చినా ఆగకుండా, ఎడమ చేత్తో బంతిని రింగులోకి దిగ్గొట్టాడు. అప్పటికి అతని వయసు 36! ఆ డంక్ ఇప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. స్పర్స్ 104–87తో గెలిచి టైటిల్ అందుకుంది.

అంతకు ముందు ఏడాది ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో ఇతనే 8 సార్లు బంతి పోగొట్టుకున్నాడు. జట్టు ఓడింది. అదీ లెక్కలోకి రావాల్సిందే. అయినా అతను ఆడిన 1,057 మ్యాచ్‌ల్లో స్పర్స్ 72 శాతం గెలిచింది. పైగా అది బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, ఒక్క ఎన్‌బీఏది కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సెమీస్‌లో అర్జెంటీనా అమెరికాను ఓడించినప్పుడు 29 పాయింట్లు అతనివే. ఆ తర్వాత స్వర్ణమూ గెలిచారు.

ప్రశ్న: రాబర్ట్ హోరీకి 7 టైటిళ్లు, కార్ల్ మాలోన్‌కు ఒక్కటీ లేదు. మరి హోరీయే గొప్పా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదండీ. జట్టు కట్టమంటే నేను ముందు మాలోన్‌నే తీసుకుంటాను. 36,928 పాయింట్లు చేసినవాడు. ఫైనల్స్‌లో రెండుసార్లు ఎదురైంది జోర్డాన్ జట్టు. హోరీ టైటిళ్ల వెనక ఒలాజువాన్, షాకిల్ ఓనీల్, డంకన్ లాంటి దిగ్గజ సహచరులు ఉన్నారు.

అలాగని అదృష్టవంతుడని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. అప్పుడు హోరీ స్పర్స్‌లోనే ఉన్నాడు. 2005 ఫైనల్స్ ఐదో మ్యాచ్, డెట్రాయిట్‌లో, ఆ ఊరి జట్టుతో, ఓవర్‌టైమ్ (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం). స్పర్స్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది. లైను బయటి నుంచి బంతి అందించింది హోరీ, అందుకుంది జినోబిలి. హోరీని కాయాల్సిన డెట్రాయిట్ ఆటగాడు రషీద్ వాలెస్ అతన్ని వదిలేసి జినోబిలి మీదికి పోయాడు. జినోబిలి బంతిని తిరిగి హోరీకే ఇచ్చాడు. 5.8 సెకన్లు మిగిలుండగా మూడు పాయింట్ల షాట్ పడింది. 96–95. ఆ పాస్‌కు స్కోరు పట్టికలో జినోబిలికి పడింది ఒక్క అసిస్ట్ (బాస్కెట్‌కు దారితీసిన పాస్‌కు వేసే లెక్క).