రబ్బరు షీటు తీసేసి గడియారం పెట్టు

చిరంజీవికి,

గురుత్వాకర్షణ మీద నీ వ్యాసం అందింది. భాష బాగుంది. మూడో పేజీ దగ్గర మాత్రం కాగితాలు కింద పెట్టేశాను. సాగదీసి కట్టిన రబ్బరు షీటు, మధ్యలో ఇనపగుండు, చుట్టూ దొర్లే గోళీలు! బరువైన వస్తువు చుట్టూ స్థలం వంగుతుందని, ఆ పల్లంలోకే మిగతావి దొర్లుతాయని ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని చెప్పే ఈ బొమ్మ మీద నాకు ముప్ఫయ్యేళ్ల కోపం ఉంది.

కొత్తలో నేనూ దాన్నే నమ్ముకున్నాను. ఒక బడిలో నిజంగానే షీటు బిగించి గోళీలు దొర్లించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలోని ఒక అమ్మాయి మాత్రం లేచి వచ్చి, బల్ల మీది సుద్దముక్క తీసి, చేయి చాచి వదిలేసింది. "ఇది ఏ షీటు మీద దొర్లింది సార్?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు కాలంలో ఉంది. వదిలే క్షణంలో సుద్దముక్క స్థలంలో కదలడం లేదు, కాలంలో మాత్రం సాగుతూనే ఉంది. భూమి దగ్గర పైన కాలం కాస్త వేగంగా, కింద కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఏ ఆధారమూ లేని వస్తువు కాలం నెమ్మదించే వైపే మళ్లుతుంది. మనం 'పడటం' అంటున్నది దాన్నే. 2010లో అమెరికా శాస్త్రవేత్తలు అత్యంత కచ్చితమైన రెండు అణుగడియారాల్లో ఒకదాన్ని 33 సెంటీమీటర్లు పైకి ఎత్తి చూశారు. బడిపిల్లల స్కేలు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్త ఎత్తుకే పై గడియారం ముందుకు నడిచింది. జీపీఎస్ ఉపగ్రహాల్లో అయితే ఈ తేడా, వాటి వేగం వల్ల తగ్గేది పోనూ, రోజుకు 38 మైక్రోసెకన్లు (సెకనులో పదిలక్షల వంతు ఒక మైక్రోసెకను). సరిదిద్దకపోతే నీ ఫోను దారి తప్పిస్తుంది.

ఈ 33 సెంటీమీటర్ల పేరానే ఒక సంపాదకుడు కొట్టేశాడు. అంకెలు చూస్తే పాఠకులు పారిపోతారట! ఆ ఖాళీలో ఏం వేశాడో తెలుసా? రబ్బరు షీటు బొమ్మ. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

స్థలం వంపు అబద్ధమని నేననడం లేదు. సూర్యుణ్ణి రాసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగుతుందో ఐన్‌స్టీన్ 1911లో లెక్క కట్టినప్పుడు సగమే వచ్చింది. 1915లో స్థలం వంపునూ కలిపితే అది రెట్టింపై 1.75 ఆర్క్‌సెకన్లకు చేరింది (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). 1919 సూర్యగ్రహణంలో సూర్యుడి పక్క నక్షత్రాలను ఫొటో తీసి కొలిస్తే, ఫలితం ఆ లెక్క వైపే మొగ్గింది. కాంతి అంత వేగంగా పోతుంది కనుక స్థలం వంపుకూ సమానవాటా దక్కింది. నెమ్మదిగా కదిలే సుద్దముక్కకు ఆ వాటా లెక్కలోకే రాదు.

ఇంకొకటి. "అన్నీ సాపేక్షమే అన్నాడు ఐన్‌స్టీన్" అన్న వాక్యం కొట్టెయ్. ఎవరు కొలిచినా శూన్యంలో కాంతివేగం ఒక్కటే అన్న పునాది మీదే 1905 నాటి సాపేక్ష సిద్ధాంతం నిలబడింది.

ప్రచురణకర్తల గురించి, పారితోషికం గురించి అడిగావు. అవి ఇంకోసారి. ముందు మూడో పేజీ తిరగరాయి. సుద్దముక్క చేతిలోంచి జారే క్షణం దగ్గర మొదలుపెట్టు. అది నేలను తాకేలోపు పాఠకుడికి కాలం గురించి చెప్పు. రాశాక నాకే పంపు.

ఆశీస్సులతో.