సేవా యాత్రకు పర్సనల్ లోనా? ముందు అత్యవసర నిధి సంగతి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 31 ఏళ్లు. ప్రైవేటు బడిలో పనిచేస్తున్నాను. నెలకు 34,000 రూపాయలు చేతికొస్తాయి. అద్దె, చర్చికిచ్చే దశమ భాగం, పాప ఖర్చులు అన్నీ కలిపి 27,000 అయిపోతాయి. మా చర్చి సంఘంలో యూత్ లీడర్‌ని. మే 27 నుంచి జూన్ 2 వరకు 22 మంది యువతీయువకులు, నలుగురు పెద్దలం పాడేరు ఏజెన్సీలోని ఒక ఊరికి వెళ్లి బడికి రంగులు వేయాలని, మరుగుదొడ్లు బాగుచేయాలని అనుకున్నాం. ఖర్చు 2,10,000. ఇప్పటికి 85,000 పోగైంది. మిగతాది ఇస్తామని సంఘస్థులు మాటిచ్చారు కానీ ఆ కానుకలు జూలై, ఆగస్టులో గానీ రావు. అప్పటిదాకా నా దగ్గరున్న 40,000 వాడి, ఇంకో 85,000 పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. లేకపోతే మా ఆవిడ గొలుసు బ్యాంకులో పెడతాను. రెండింటిలో ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు.

పదిమంది పనికి ఒక్కరు తన పేరు మీద అప్పు చేయడం మన దగ్గర చాలా మామూలైపోయింది. ఊరి జాతర కమిటీలోనూ, అపార్ట్‌మెంట్ వినాయక చవితి దగ్గరా, సంఘం యూత్ క్యాంపులోనూ ఇదే జరుగుతుంది. ఖర్చు అందరిదీ, సంతకం ఒక్కరిది. మాటిచ్చినవాళ్లు మోసగాళ్లేమీ కారు. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు మీద పడేసరికి వాళ్ల కానుక వెనక్కి పోతుంది, అంతే. ఈఎంఐ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

మీరు పంపిన అంకెలతోనే చూద్దాం. 85,000 రూపాయలు 18 శాతం వడ్డీకి ఏడాది గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 7,793 కట్టాలి. మీకు నెలకు మిగిలేది 7,000. అంటే కానుకలు ఆలస్యమైతే మొదటి కిస్తీకే 793 తక్కువ. దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు. మీ 40,000 అప్పటికే బస్సు యజమాని చేతిలో ఉంటుంది. పాపకు ఒక్క రాత్రి జ్వరం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మీ దగ్గర ఏముంటుంది? ఇంకో అప్పు. ఈసారి నూటికి మూడు రూపాయల వడ్డీకి.

ఆ 40,000 మిగులు డబ్బు కాదు. అది మీ అత్యవసర నిధి, అది కూడా సగం సగమే. ఆరు నెలల ఇంటి ఖర్చు లెక్కన మీకు 1,62,000 ఉండాలి. ఉన్నది నెలన్నరకు సరిపోయేంత. పైగా మీది ప్రైవేటు బడి ఉద్యోగం. వేసవిలో జీతాలు ఆలస్యం చేసే యాజమాన్యాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బుకు చేయి తగలనివ్వకండి. దేవుని పనికే కదా అని మీకు అనిపించవచ్చు. మీ భార్యాపిల్లల భద్రత కూడా మీకు అప్పగించిన పనే.

మీ బడ్జెట్ కాగితం చూశాను. బస్సు 82,000, భోజనాలు 48,000, బస 22,000, రంగులు, సిమెంటు, సామాను 32,000, టీషర్టులు, బ్యానర్లు 14,000, వీడియో, సౌండ్ అద్దె 12,000. ఇరవై ఆరు మందిని ఘాట్ రోడ్డు మీదుగా కొండల్లోకి తీసుకెళ్తూ, ఏదైనా జరిగితే వాడడానికి ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టలేదు. నాకు అన్నిటికంటే టెన్షన్ పుట్టించింది ఇదే. బ్యానర్లకు ఒక వరుస ఉంది, ఆపదకు లేదు.

గోడకు రంగు వేస్తూ ఒక అబ్బాయి నిచ్చెన మీంచి జారి చెయ్యి విరిగిందనుకోండి. 108 ఉచితమే, ముందు దానికే ఫోన్ చేయాలి. అది ఆ ఊరికి చేరే వీలు లేకపోతే జీపు మాట్లాడుకుని పాడేరుకు దిగాలి. అక్కడ కుదరకపోతే విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లాలి, వంద కిలోమీటర్ల పైమాటే. జీపు, మందులు, స్కానింగు, తోడున్న ఇద్దరి తిండి, ఆ అబ్బాయి అమ్మానాన్నలు గుంటూరు నుంచి రావడానికి టికెట్లు. ఆ రాత్రి ఎవరి ఫోన్‌పే నుంచి ఎంత వస్తుందా అని వెతుక్కునే పరిస్థితి రాకూడదు. పైగా ఏజెన్సీ లోపల సిగ్నల్ అందని ఊళ్లున్నాయి. కాబట్టి యాత్ర నిధిలోంచి 20,000 ముందే పక్కకు తీయండి. అందులో సగం నోట్లుగా, ఇద్దరు పెద్దల దగ్గర విడివిడిగా ఉండాలి.

ఆ డబ్బును జూన్ 2న తిరిగొచ్చాక పంచేయకండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి సాధారణంగా పది, పదిహేను రోజులు పడుతుంది. అంటే పిల్లలు గుంటూరులో ఇళ్లకు చేరాక వస్తుంది. కనీసం నెల రోజులు నిధిని అలాగే ఉంచండి. ఎవరికి జ్వరం వచ్చినా వెంటనే రక్తపరీక్ష చేయించాలని, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పాలని తల్లిదండ్రులకు ముందే తెలియజేయండి. దోమతెరలు సామాను జాబితాలో ఉన్నట్టు లేవు, చేర్చండి.

బీమా దగ్గర మీ తేదీలతో ఒక చిక్కుంది. యాత్రకు వచ్చేవాళ్లందరికీ ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందని రాశారు. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, మంచిదే. కానీ అది జూన్ 1 నుంచి మే 31 వరకే. మీ యాత్ర మధ్యలోనే పాత ఏడాది ముగిసి కొత్తది మొదలవుతుంది. ఖాతాలో ఆ 20 రూపాయలు లేక డెబిట్ కాకపోతే జూన్ 1, 2 తేదీల్లో వాళ్లకు బీమా ఉండదు. మే మూడో వారంలోనే అందరి పాసుపుస్తకాలు చూడండి. ఇంకో సంగతి, 18 ఏళ్లు నిండనివాళ్లు ఇందులో చేరలేరు. మీ జట్టులో అలాంటివాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. ఆసుపత్రి బిల్లు కూడా ఇది కట్టదు. మరణానికి, శాశ్వత వైకల్యానికే పరిహారం. అందుకే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలో ఆ వారం రోజులకు గ్రూపు ప్రమాద పాలసీ అడగండి. అందులో ప్రమాదానికి అయ్యే ఆసుపత్రి ఖర్చు ఉందో లేదో కాగితం మీద చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ఇక యాత్రను చేతిలో ఉన్న డబ్బుకు తగ్గట్టు మార్చుకుందాం. ఈసారికి 18 ఏళ్లు దాటినవాళ్లలో 11 మంది, పెద్దలు ముగ్గురు, ఐదు రోజులు చాలు. మీ రేట్ల ప్రకారమే భోజనాలు 18,500, బస 8,500 అవుతాయి. సామాను 32,000 అలాగే ఉండనివ్వండి, అసలు వెళ్లేదే ఆ పని కోసం. టీషర్టులు, వీడియో తీసేయండి. మొత్తం 59,000. వెళ్లేవాళ్లు తలా వెయ్యి వేసుకుంటే మీ నిధి 99,000 అవుతుంది. అందులో 20,000 ఆపదకు పోగా ప్రయాణానికి, బీమాకు ఇంకో 20,000 మిగులుతుంది. గుంటూరు నుంచి విశాఖకు స్లీపర్‌లో, అక్కడి నుంచి పాడేరుకు ఆర్టీసీలో వెళ్లండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, వేసవిలో బెర్తులు త్వరగా అయిపోతాయి. ఆన్‌లైన్లో టికెట్ తీసేటప్పుడు 45 పైసల బీమా ఎంచుకుని, తర్వాత వచ్చే లింకులో నామినీ పేరు నింపండి. మిగతా పిల్లలను, కానుకలు వచ్చాక, దసరా సెలవుల్లో రెండో జట్టుగా తీసుకెళ్లవచ్చు.

గొలుసు తాకట్టు వడ్డీ తక్కువే, కానీ మీ ఇంటికి మిగిలిన ఆఖరి ఆధారం అదే. చీటీ పాడుకోవడం కూడా అప్పు కిందికే వస్తుంది. క్రెడిట్ కార్డు నుంచి నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ. లోన్ యాప్‌ల జోలికి అసలు పోకండి.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ బావగారు వెయ్యి డాలర్లు మీ సేవింగ్స్ ఖాతాకు పంపుతానన్నారని చివర్లో రాశారు. దానికి ఒప్పుకోకండి. విదేశీ పౌరుడు ఇక్కడి సంఘానికి ఇచ్చే డబ్బు తీసుకోవాలంటే సంఘానికి విదేశీ విరాళాల చట్టం అయిన ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. దాన్ని మీ సొంత ఖాతా గుండా తిప్పితే రేపు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

వచ్చే కమిటీ సమావేశంలో పాస్టరుగారి ముందు, ట్రెజరర్ ముందు రెండు విషయాలు మినిట్స్‌లో రాయించండి. చేతికి రాని కానుకను బడ్జెట్‌లో లెక్కవేయకూడదు. యాత్ర డబ్బు సంఘం ఖాతాలోంచే, ఇద్దరి సంతకాలతోనే కదలాలి. మొహమాటపడకండి, పెద్దలు అర్థం చేసుకుంటారు. ఇంటి విషయానికొస్తే, మిగులుతున్న 7,000లో నెలకు 5,000 చొప్పున ఈ నెలే రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఇప్పుడున్న 40,000తో కలిపి రెండేళ్లకు మీ ఆరు నెలల నిధి దాదాపు పూర్తవుతుంది. ఆ ఖాతా మీ ఆవిడతో జాయింటుగా ఉండాలి.