నంబర్ లాక్ తెరుచుకోకపోతే

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాలి. సూట్‌కేస్‌కి మూడంకెల నంబర్ లాక్ ఉంది. పెట్టిన నంబరు నాకు బాగా గుర్తే, అయినా తెరుచుకోవడం లేదు. పక్కనే తాళం రంధ్రం కూడా ఉంది గానీ కొన్నప్పుడు తాళంచెవి ఇవ్వలేదు. పగలగొట్టించాలా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దండీ. ముందు ఆ రంధ్రం సంగతి: దాని పక్కన టీఎస్ఏ002 అనో టీఎస్ఏ007 అనో చెక్కి ఉంటుంది. అమెరికా విమానాశ్రయాల్లో సామాను తనిఖీ చేసేవాళ్ళు తాళం విరగ్గొట్టకుండా తెరుచుకోవడానికి పెట్టిన ఏర్పాటది. చెవి వాళ్ళ దగ్గరే ఉంటుంది, కొన్నవాళ్ళకి ఇవ్వరు.

నంబరు గుర్తుందంటున్నారు కాబట్టి దాన్నే ఇంకోసారి సరిగ్గా ప్రయత్నించండి. అంకెలు గీతకి ఎదురుగా వచ్చాయా? పెట్టెని తలకిందులుగా పెట్టి చూస్తే 6, 9 తారుమారవుతాయి. పెట్టె కిక్కిరిసి ఉంటే జిప్పు కొసలు తాళాన్ని బయటికి లాగుతుంటాయి. అప్పుడు సరైన నంబరుకి కూడా కొక్కెం కదలదు. ఒక చేత్తో ఆ రెండు కొసల్నీ తాళంలోకి గట్టిగా నొక్కిపట్టి, రెండో చేత్తో మీట జరపండి. చాలా పెట్టెలు ఇక్కడే తెరుచుకుంటాయి.

అయినా రాకపోతే నంబరే మారిపోయి ఉంటుంది. తాళం పక్కన పెన్ను మొనతో నొక్కే చిన్న రీసెట్ బటన్ ఉంటుంది. పెట్టె తెరిచి ఉన్నప్పుడు అది పొరపాటున లోపలికి పోతే, ఆ సమయంలో చక్రాల మీద ఏ అంకెలుంటే అవే కొత్త నంబరవుతాయి. మూడూ ఒకేసారి మారడం అరుదు, సాధారణంగా చెయ్యి తగిలి ఒక్క చక్రమే కదులుతుంది. అందుకే 000 నుంచి మొదలుపెట్టకండి. మీ పాత నంబరు 482 అనుకుందాం. 4, 8 అలాగే ఉంచి మూడో చక్రాన్ని 0 నుంచి 9 దాకా తిప్పండి. తర్వాత మధ్యది, ఆ తర్వాత మొదటిది. చక్రానికి 9 చొప్పున మొత్తం 27 ప్రయత్నాలు, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అదీ కుదరకపోతే వెయ్యి నంబర్లూ చూడాల్సిందే. భయపడాల్సినంత పని కాదు. నంబరుకి రెండు సెకన్ల చొప్పున అన్నీ చూసినా 35 నిమిషాల లోపే. మొదటి రెండు చక్రాల్నీ 00 దగ్గర ఉంచి, మీటని తెరిచే వైపుకి తేలిగ్గా తోసిపట్టి, మూడో చక్రాన్ని ఒక చుట్టు తిప్పండి. తర్వాత 01, 02... ఇలా వంద చుట్లు. మీటని గట్టిగా తోస్తే చక్రాలు బిగుసుకుని సరైన నంబరు జారిపోతుంది. మళ్ళీ మొదటికొస్తుంది వ్యవహారం. అందుకే పది చుట్లకోసారి కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

తెరుచుకోగానే చక్రాల్ని కదపకుండా ముందు నంబరు రాసుకోండి. మార్చాలనుకుంటే రీసెట్ బటన్ టిక్కుమనేదాకా నొక్కి, కొత్త అంకెలు పెట్టి, మీట జరిపితే బటన్ పైకి వస్తుంది. రాకపోతే మార్పు పూర్తికాలేదన్నమాట. జిప్పు కొసలు తాళంలో పెట్టకుండానే రెండు మూడుసార్లు పరీక్షించాకే మూయండి.

ప్రశ్న: బీరువాలో పెట్టుకున్న చిన్న డిజిటల్ లాకర్ కోడ్ మర్చిపోయాం. – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇలాంటి వాటిలో చాలావాటికి అత్యవసర తాళంచెవి వస్తుంది. రంధ్రం పైకి కనపడదు. అంకెల పలక పక్కనో కిందో ఉన్న చిన్న మూత తీస్తే ఉంటుంది. చెవి తిప్పి పట్టుకుని, అలాగే పిడి కూడా తిప్పాలి. (ఆ చెవిని భద్రంగా లాకర్‌లోనే దాచుకునేవాళ్ళు తక్కువేం కాదు!) తలుపు తెరుచుకున్నాక లోపలివైపు కీలు దగ్గర చిన్న బటన్ ఉంటుంది, ఎక్కువగా ఎర్రది. అది నొక్కి, కొన్ని సెకన్లలోనే కొత్త కోడ్ కొట్టాలి. తలుపు తెరిచి ఉంచే పరీక్షించండి.

కోడ్ సరైనదే అయినా బ్యాటరీలు నీరసిస్తే బీప్ వస్తుంది గానీ గడియ కదలదు. బయటినుంచి బ్యాటరీ తగిలించే వీలున్న మోడల్ అయితే అది ముందు చూడండి. వరసగా తప్పు కోడ్ కొడితే కాసేపు ఏదీ తీసుకోదు, ఆగండి. చెవి కూడా పోతే బిల్లు, సీరియల్ నంబరుతో కంపెనీని అడగాలి.

ప్రశ్న: సైకిల్ తాళానికి నాలుగంకెలు. దీన్నీ ఒక్కొక్కటే ప్రయత్నించవచ్చా? – ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: పదివేల నంబర్లు, అంటే ఏకబిగిన అయిదున్నర గంటలు. పైగా వానకి తడిసి చక్రాలు బిగుసుకుని ఉంటే సరైన నంబరు దగ్గర కూడా కదలదు. చక్రాల మధ్య రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసి, గుర్తున్న నంబరూ దాని చుట్టుపక్కలవీ చూడండి. కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. రాకపోతే కేబుల్ కోయించేయడమే. సైకిల్ బిల్లు వెంట తీసుకెళ్ళండి.