అమ్మకి మూడు ముక్కలేనా?

విజయనగరం

అమ్మాయీ,

నీ స్క్రిప్టు చదివాను. 15 నిమిషాల షార్ట్ ఫిల్మ్, రచన నీదే, ముఖ్యపాత్ర నీదే, ఎడిటింగు కూడా నేర్చుకుంటున్నానని రాశావు. సంతోషం. పలాస స్టేషన్‌లో దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టే సీను బాగుంది. జీడి ఫ్యాక్టరీ సీను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. ఈ ఉత్తరం అందుకే.

హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు, పనిలో ఉన్న తల్లి ముందు నిలబడి మూడు పేజీలు మాట్లాడుతుంది. సినిమా అంటే తనకెందుకంత ప్రాణమో, ఆడిషన్లలో ఎన్ని అవమానాలు పడిందో, ఊళ్లో ఎవరూ తనని ఎందుకు అర్థం చేసుకోలేదో. తల్లికి నువ్వు రాసింది మూడు ముక్కలు: ‘ఏటే?’, ‘అలగా?’, ‘సర్లే, తిన్నావా?’ ఆ పైన బ్రాకెట్లో ‘అమ్మ కళ్లలో నీళ్లు’ అని ఒక మాట పడేశావు. ఎందుకొచ్చాయమ్మా ఆవిడకి నీళ్లు? నీ డైలాగు బాగుందనా?

పేజీకి నిమిషం లెక్క నీకు తెలుసు. అంటే సినిమాలో ఐదోవంతు నువ్వొక్కదానివే మాట్లాడుతున్నావు. పోనీ ఆ మూడు నిమిషాలూ ఆవిడేం చేస్తోంది? ‘పని చేస్తూ ఉంటుంది’ అన్నావు. ఏం పని? గింజ కోసే కటింగా, పప్పు మీది పొట్టు తీసే పీలింగా, పప్పు రకాలు ఏరే గ్రేడింగా? కటింగయితే చేత్తో మీట నొక్కుతూ కాలితో పెడల్ తొక్కాలి, గింజ సరిగ్గా పెట్టకపోతే పప్పు ముక్కవుతుంది, ముక్కకి ధర పడిపోతుంది. పెంకులోని జీడి అంటితే చర్మం కాలుతుంది, అందుకే చేతులకి నూనో బూడిదో రాసుకుంటారు. పీలింగయితే కూలి తూకం మీద. నీ హీరోయిన్ మాట్లాడిన ప్రతి నిమిషానికీ ఆవిడ తూకం తగ్గుతోంది. ఈ సంగతి ఒక్కటి పట్టుకుని ఉంటే సీను దానంతటదే నడిచేది. తల్లి కూతురి మాట వింటూ చెయ్యి ఆపాలా, ఆపకూడదా? అదీ టెన్షనంటే. పైగా కటింగు షెడ్డులో ఆ మిషన్ల మోతకి నీ మూడు పేజీల్లో సగం ఆవిడకి వినపడదు. ‘ఏటే?’ అన్న మాటకి అప్పుడు అర్థం వస్తుంది. నువ్వేమో దాన్ని ‘అమాయకంగా’ అనమని రాశావు.

నటించేవాళ్లు తమకోసం తాము రాసుకుంటే ఇదే తంటా. నేను అందరికీ చెప్పేది ఇదే, విని విని కొందరు నా ఇంటికి రావడమే మానేశారు: నీ పాత్ర వదిలెయ్, ఎదుటివాళ్ల పాత్ర రాయి. నీ పాత్రని నువ్వెలాగూ చూసుకుంటావు. నువ్వు రాయకపోతే ఆ ఎదుటి మనిషికి దిక్కెవరు?

గురజాడవారి ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో ఇదే ఊళ్లో మొదట ఆడారు. అచ్చయింది 1897లో. ఆయన అక్కడితో ఆగకుండా మళ్లీ తిరగరాసి 1909లో రెండో కూర్పు వేశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. తిరగరాతలో మధురవాణి ఎంత పెరిగిందో చూడు. జె.వి. రమణమూర్తి గిరీశంగా, ఆయన అన్న సోమయాజులు రామప్పపంతులుగా ఆడేవారు. నేను కుర్రాణ్ణప్పుడు, గిరీశం దంచుతున్నంతసేపూ అతని శిష్యుడు వెంకటేశాన్నే చూసేవాణ్ణి. వాడు వింటున్నాడు కాబట్టే గిరీశం గిరీశమయ్యాడు.

ఆ తర్వాత నాటక పరిషత్తు పోటీల రోజులొచ్చాయి. ఉత్తమ నటుడి బహుమతి కోసం, తెర పడేముందు కథానాయకుడికి ఒక ఏడుపు ఉపన్యాసం రాయాలి. చప్పట్లు పడితే కప్పు. మిగతావాళ్లంతా అర్ధచంద్రాకారంలో నిలబడి తలలు దించుకోవాలి. నేను అలా నిలబడ్డవాణ్ణే, కోర్టు అమీనా వేషంలో, జప్తు కాగితం చేతిలో పట్టుకుని. ఆ కాగితంలో ఏముందో రచయితకే తెలీదు! ఇప్పుడు దాని పేరు మారింది, ఎలివేషన్ అంటున్నారు.

కృష్ణానగర్‌లో ఒక ఆఫీసులో కూర్చుని నేను మాటలు రాసిన సినిమా ఒకటుంది. అందులో తండ్రి, కొడుకుని పొలం గట్టు మీద నిలదీసే సీను. అందరూ మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా, ఆ మాటలే కొడుకు చేత తండ్రికి చెప్పించమని కబురొచ్చింది. నేను రాయనన్నాను. వేరెవరో రాశారు. తెర మీద నా పేరు లేదు, డబ్బుల సంగతి అడక్కు. ఒక వారపత్రిక సంపాదకుడైతే నా కథ తిప్పి పంపుతూ, ఇంతకీ ఇందులో హీరో ఎవరని మార్జిన్‌లో రాశాడు. ఆయన పోయాడు, పాపం. ఆ ప్రశ్న మాత్రం ఇంకా బతికే ఉంది.

ఎడిటింగు నేర్చుకుంటున్నావు కదా, ఒకటి గమనించు. నువ్వు మాట్లాడుతుంటే కట్ చేసి ఎక్కడికి పోతావు? వినేవాళ్ల ముఖం మీదికే. ఆ ముఖానికి ఏ పనీ లేకపోతే నీకు కట్ చేయడానికి చోటు లేదు, మూడు నిమిషాలూ నీ ముఖమే. నువ్వే డైరెక్టరువి కూడా కాబట్టి చాల్లే అనేవాళ్లూ ఉండరు. డ్రోన్ షాట్లు పెట్టి నింపుతారు కొందరు. ఉద్దానం కొబ్బరితోటలు పైనుంచి చూసి చూసి నా మెడ పట్టేసింది.

2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చూసే ఉంటావు. ఎక్కువమంది ఆ పేట మనుషులే వేశారు. నిర్మాత తనే ఒక పాత్ర వేసింది, కానీ కథంతా తన చుట్టూ తిప్పుకోలేదు. నీ సినిమాలో తల్లి వేషానికి వైజాగ్ నుంచి ఆర్టిస్టుని తెస్తానన్నావు. పలాసలోనే పీలింగ్ చేసే ఆవిడని అడుగు. డైలాగు కాగితం ఇవ్వకు. నీ మాట చెప్పి, నీ కూతురు ఇలా అంటే ఏమంటావని అడిగి, ఆవిడ అన్నది రాసుకో. తిట్టినా రాసుకో. తర్వాత రిహార్సల్లో తల్లి మాటలు నువ్వు చదువు, కూతురి మాటలు ఎవరిచేతైనా చదివించు. మూడు పేజీలు వింటూ నిలబడడం ఎలాగుంటుందో తెలుస్తుంది.

ఏ ఫెస్టివల్‌కి పంపాలి, హైదరాబాదులో ఎవరిని కలవాలి అని కూడా అడిగావు. వాటి సంగతి తర్వాత.

స్క్రిప్టుతో పాటు బడ్జెట్ కాగితం పెట్టావు. కెమెరా అద్దె, లైట్లు, భోజనాలు, పోస్టర్ డిజైను అన్నిటికీ అంకెలున్నాయి. ‘అమ్మ పాత్ర’ ఎదురుగా గడి ఖాళీ. ఫ్యాక్టరీ ఆవిడయితే ఆ రోజు కూలి పోతుంది, దానికి పైన ఎంతిస్తావో అంకె వేసి పంపు. అప్పుడు కొత్త డ్రాఫ్టు చదువుతాను. ఫోన్‌లో వద్దు, ప్రింటు తీసి పోస్టు చెయ్యి.

ఉంటాను,
మాస్టారు