నీళ్ళలోంచి బయటికొచ్చాక

అమ్మలూ,

ప్రభువు పేరిట ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా క్షేమం. మొన్న ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఒకటి, నా చెవులు. రెండోది, ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసినవాణ్ణి, కాగితం మీద పెడితేగానీ నాకే సంగతీ తేలదు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

"ఈస్టరుకి బాప్తిస్మం తీసుకున్నప్పుడున్న సంతోషం ఇప్పుడు లేదు పెదనాన్నా, ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టుంది, వెనక్కి పోతున్నానేమో" అన్నావు. నీ గొంతులో టెన్షన్ విని ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు నీ గురించే మాట్లాడుకున్నాం. మీ పెద్దమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "పెళ్ళైన నాలుగో నెల్లో నేనూ అలాగే అనుకున్నాను." నాకంత క్లుప్తంగా చెప్పడం చేతకాదు.

మన ఒంగోలు వైపు విశ్వాసులం నలుగురం చేరితే ఒక లెక్క చెప్పుకుని మురిసిపోతాం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. అది పెద్ద కరువు కాలం. జనానికి పని దొరకాలని అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకున్నారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని వచ్చినవాళ్ళని ఆయన చేర్చుకోలేదు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పనులు ముగిసేదాకా పదిహేను నెలలపాటు ఆగమన్నారు. ఆగారు. ఆ ఆగినవాళ్ళే తర్వాత ఏట్లో దిగారు. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు, చేతిలో బైబిలు లేదు. తడిబట్టలతో ఊరికెళ్తే అదే పల్లె, అదే ఆసామి, అదే అప్పు. ఆ మర్నాటి నుంచి ఎలా బతికారన్నదానికి అంకె లేదు. నాకెప్పుడూ మనసు ఆ అంకె లేని భాగం మీదికే పోతుంది, నువ్వూ నేనూ ఉన్నది అక్కడే గనక.

నీ మంచం పక్కన అంటించుకున్న వాగ్దానం కార్డు గురించి కూడా అడిగావు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని తలా ఒక వచనం కార్డు తీస్తాంగా, అలా తీశావు, యిర్మీయా 29:11 వచ్చింది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఏడాది సగం దాటింది, ప్రమోషన్ రాలేదు, నా విశ్వాసంలో లోపముందా అని నీ అనుమానం. కార్డులు తీయడం తప్పనను. మా అమ్మ కార్డులన్నీ ఆవిడ బైబిల్లోనే ఉన్నాయి, నేనూ దాచుకుంటాను. కానీ కార్డు మీద ఒక్క వచనమే పడుతుంది. నువ్వొక పని చెయ్యి. అదే అధ్యాయం మొదటినుంచి చదువు.

అది యెరూషలేము నుంచి బబులోనుకి చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. పదకొండో వచనం కార్డు మీదికెక్కింది, పదో వచనం ఎక్కలేదు. అందులో డెబ్బై ఏళ్ళు గడిచాక అని ఉంది. డెబ్బై! ఆ ఉత్తరం విన్న నడివయసువాళ్ళెవరూ ఇల్లు చేరరు. మరి అన్నాళ్ళూ ఏం చెయ్యమన్నాడు? ఇళ్ళు కట్టుకోమన్నాడు, తోటలు నాటి వాటి ఫలాలు తినమన్నాడు, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యమన్నాడు, తమని చెరపట్టిన ఊరి క్షేమం కోసమే ప్రార్థన చెయ్యమన్నాడు. దానికి ముందు అధ్యాయం కూడా చూడు. హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అన్నీ తిరిగొచ్చేస్తాయని గుడిలో అందరి ముందూ ప్రకటిస్తాడు. అది అబద్ధమని తేలింది. ఈ రోజుల్లో ఇద్దరూ యూట్యూబులో ఉంటే సబ్‌స్క్రైబర్లు ఎవరికి ఎక్కువుంటారో నీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి కార్డు తీసెయ్యక్కర్లేదు. దాని పక్కనే అయిదో వచనం కూడా రాసి అంటించు, తోటలు నాటమన్నది.

ఇక చదవడం. ఆదికాండం నుంచి మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోయానని సిగ్గుపడుతున్నావు. అక్కడ ఆగినవాళ్ళందరినీ కూర్చోబెడితే మన చర్చి చాలదు. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకి మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదిలో అయిపోతాయని మాకు నేర్పారు. నేనలా చాలాసార్లు పూర్తిచేశాను. నిజం చెప్పనా, కొన్నేళ్ళు అది చదవడం కాదు, టిక్కులు పెట్టడం. నువ్వు మార్కు సువార్త తీసుకో, పదహారే అధ్యాయాలు. రోజుకి ఒక్క సంఘటన చాలు. పెన్సిల్ దగ్గర పెట్టుకో. అర్థం కానిచోట ప్రశ్న గుర్తు పెట్టు, నీకు గుచ్చుకున్నచోట గీత గీయి. మన తెలుగు బైబిలు భాష పాతది, కళ్ళతో చదివితే జారిపోతుంది, పెదవులు కదిపి చదివితే నిలుస్తుంది. నాలుగో అధ్యాయంలో విత్తనం చల్లి నిద్రపోయి లేచే రైతు ఉంటాడు. మొదట మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత వెన్నులో ముదురుగింజలు. అది ఎలా పెరుగుతుందో ఆ రైతుకి తెలియదని రాసి ఉంటుంది. అక్కడ కాసేపు ఆగు.

ప్రార్థన పొడిగా ఉన్నప్పుడు మాటలు కల్పించుకోకు. పదమూడో కీర్తన తెరువు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. దేవుడితో అలా మాట్లాడొచ్చని దేవుడి పుస్తకంలోనే ఉంటే నువ్వు నవ్వు మొహం పెట్టుకుని ప్రార్థించడమెందుకు? ఆరు వచనాలే, మెట్రో ఎక్కేలోపు అయిపోతుంది. ఆ తర్వాత ముగ్గురి పేర్లు తలుచుకో. అందులో ఒక పేరు నీకు పడని మనిషిది అయ్యుండాలి. కొన్నాళ్ళదాకా నీకేమీ తేడా తెలియదు. తెలియకపోయినా మానకు.

ఇప్పుడొక సంగతి చెబుతాను, మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మన పల్లె చర్చికి మైకు సెట్టు కొన్నాం. హారన్ వేపచెట్టుకి కట్టాం. ఊరంతా వినపడేది. ప్రతి ఆదివారం సాక్ష్యం చెప్పేవాళ్ళలో నేను ముందుండేవాణ్ణి. గొంతుందిగా, పంతుల్ని కూడానూ. ప్రభువు నన్నెలా మార్చాడో, నా అవసరాలెలా తీర్చాడో చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. ఒక సోమవారం సాయంత్రం బీడీకట్టకని (అప్పట్లో చాటుగా కాల్చేవాణ్ణి, అదింకో కథ) శెట్టిగారి కొట్టుకెళ్ళాను. ఆయన బెల్లం కొడుతున్నాడు. సుత్తి ఆపకుండానే అన్నాడు: "నిన్న మీ సాక్ష్యం మైకులో విన్నాను మాస్టారూ. చాలా బావుంది. నా బాకీ ఊసు కూడా వస్తుందేమోనని చివరిదాకా విన్నాను."

నాలుగు వందల చిల్లర. ఎనిమిది నెలల పాత బాకీ. అడిగినప్పుడల్లా జీతాలు రాలేదనేవాణ్ణి, వచ్చినా.

కొట్టులో ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళు నవ్వలేదు. నవ్వినా బావుండేది. ఇంటికొచ్చి లూకా 19లో పన్నులు వసూలుచేసే జక్కయ్య కథ తీశాను. ఆయన అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, నేను అసలు కూడా ఇవ్వలేదు. ఆ బాకీ తీరేదాకా మైకు పట్టుకోనని పాస్టరుగారికి చెప్పాను. కారణం కూడా చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "ఇది సాక్ష్యం" అని వెళ్ళిపోయారు. మూడు నెలలు పట్టింది. శెట్టిగారు చర్చికొచ్చాడా అంటే, రాలేదు. వచ్చాడని రాస్తే ఉత్తరం ఇంకా బావుండేది. ఆదివారం మైకు పెట్టగానే కొట్టు తలుపు దగ్గరికి లాగేవాడు, అది మాత్రం మానేశాడు.

అప్పటినుంచి నేను ఎదిగానా లేదా అన్నది నా మనసునడిగి తెలుసుకోవడం మానేశాను. మనసు ఒకరోజు పొగుడుతుంది, ఒకరోజు తిడుతుంది. నాతో ఇచ్చిపుచ్చుకునేవాళ్ళ మొహాలు చూస్తాను. మీ పెద్దమ్మ మొహం ముందుగా.

సంఘం విషయం. హైదరాబాదులో నీ హాస్టల్‌కి దగ్గర్లో ఒకటి చూసుకుని అక్కడే కూర్చో. ఒక వారం ఒకచోట పాటలు, ఇంకోవారం ఇంకోచోట ప్రసంగం అని తిరిగితే నీ పేరు ఎవరికీ తెలియదు, నీ తప్పు ఎవరూ చెప్పరు. పాస్టరు గొప్ప వక్త కాకపోయినా ఫరవాలేదు. సండే స్కూలు పిల్లలకి హాజరు వేసే పని అడుగు, కుర్చీలు సర్దే పనైనా సరే. గిటారూ మైకూ తర్వాత చూద్దువుగాని.

కానుకలు నీ సంఘానికి, నీకు తెలిసిన కష్టాల్లో ఉన్నవాళ్ళకి ఇవ్వు. ఈ నెల పంపకపోతే దీవెన ఆగిపోతుందని ఫోన్ నంబరు తెర మీద వేసేవాళ్ళకి రూపాయి పంపకు. జ్వరమొస్తే ప్రార్థన చేసుకుని డాక్టరు దగ్గరికెళ్ళు. ఉపవాసం పేరుతో రెండు రోజులు మంచినీళ్ళు కూడా తాగకుండా ఆఫీసుకెళ్ళావని మీ అమ్మ చెప్పింది. ఇంకెప్పుడూ అలా చెయ్యకు. దీని మీద వాదన లేదు.

చివరిగా, ఫోన్ పెట్టేసే ముందు మాటవరసకి ఒకటన్నావు. పొద్దున్నే అయిదింటికి నువ్వు ప్రసంగం పెట్టుకుంటే నీ రూమ్మేటు సౌండు తగ్గించమంటోందని, "ఆమెకి దేవుడంటే పడదు పెదనాన్నా" అని. నాకా మాట దగ్గర్నుంచి మన వేపచెట్టు మీది హారనే గుర్తొస్తోంది. ఆ అమ్మాయి రాత్రి షిఫ్టు చేసి మూడింటికి పడుకుంటుందని నువ్వే చెప్పావు. ఈ రోజు సాయంత్రం ఆమెకి టీ పెట్టిచ్చి క్షమాపణ అడుగు. దేవుడి మాట ఎత్తకు, సౌండు మాటే చెప్పు. రేపే ఇయర్‌ఫోన్స్ కొనుక్కో. డబ్బులు చాలకపోతే మీ పెద్దమ్మనడుగు, నా దగ్గర లేవు.

నీ పెదనాన్న